కలాన్నే నమ్ముకున్న సూరత్ కవి నర్మద్

సూరత్: ఆధునిక గుజరాతీ సాహిత్యానికి ఆద్యుడిగా మన్ననలందుకుంటున్న కవి నర్మద్ 1833 ఆగస్టు 24న సూరత్ నగరంలో జన్మించారు. గుజరాతీలో తొలి ఆత్మకథ, తొలి ఏకభాషా నిఘంటువు, తొలినాటి వ్యాసాలు ఆయన చేతి మీదుగానే వెలువడ్డాయి. ఆ జన్మదినాన్నే ఏటా ప్రపంచ గుజరాతీ భాషా దినోత్సవంగా జరుపుకొంటున్నారు. ఆయన పేరు మీద నేడు ఒక విశ్వవిద్యాలయం, ఒక గ్రంథాలయం, ఒక సాహిత్య పురస్కారం ఉన్నాయి. జీవించి ఉన్న కాలంలో మాత్రం ఆ రచయిత తన పుస్తకాలను తానే అచ్చు వేయించుకుని, తానే అమ్ముకుని, అప్పులపాలయ్యారు. రచన మీదనే బతుకుతానని పాతికేళ్ల వయసులో చేసిన ప్రతిజ్ఞను 24 ఏళ్లు నిలబెట్టుకుని, చివరికి వదులుకోవలసి వచ్చింది. పుస్తకాల విపణి ఇంకా ఏర్పడని భాషలో రచయితగా బతకడానికి ఎంత మూల్యం చెల్లించాలో ఆయన జీవితం తెలియజేస్తుంది.

లేఖకుడి ఇంట కవి జననం

నర్మద్ పూర్తి పేరు నర్మదాశంకర్ లాల్‌శంకర్ దవే. నాగర బ్రాహ్మణ కుటుంబం. తల్లి నవదుర్గ. తండ్రి లాల్‌శంకర్ బొంబాయిలో లేఖకుడు. ఇతరుల కోసం పత్రాలకు నకళ్లు రాయడం ఆయన వృత్తి. తండ్రి ఉద్యోగం బొంబాయిలో, సొంత ఇల్లు సూరత్‌లో కావడంతో నర్మద్ బాల్యం రెండు నగరాల మధ్య గడిచింది.

ఆనాటి సూరత్ గత వైభవాన్ని తలచుకుంటున్న పట్టణం. మొగలుల కాలంలో పశ్చిమ తీరాన పేరెన్నికగన్న ఓడరేవు అది. హజ్ యాత్రికుల ఓడలు, ఆంగ్లేయుల, డచ్చివారి వర్తక స్థావరాలు తాపీ నది ఒడ్డున వెలిశాయి. పందొమ్మిదో శతాబ్ది నాటికి వ్యాపారం బొంబాయికి తరలిపోయింది. దానికి తోడు 1837లో నగరాన్ని ఘోర అగ్నిప్రమాదం దహించివేసింది. ఆమ్లీరాన్ వీధిలోని నర్మద్ కుటుంబ గృహం కూడా ఆ మంటల్లో కాలిపోయింది. అప్పటికి ఆయనకు నాలుగేళ్లు నిండలేదు.

ముద్రణతో సూరత్‌కు పాత సంబంధమే ఉంది. పదిహేడో శతాబ్దిలో భీమ్‌జీ పారేఖ్ అనే సూరత్ వర్తకుడు ప్రాచీన గ్రంథాలను అచ్చు వేయించాలన్న కోరికతో ఈస్టిండియా కంపెనీ ద్వారా ఇంగ్లండు నుంచి అచ్చు యంత్రాన్ని, ముద్రాపకుడిని రప్పించారు. దేశీయ లిపిలో అక్షరాలను పోతపోయడం ఆ ముద్రాపకుడికి సాధ్యం కాలేదు. భీమ్‌జీ కోరిక తీరలేదు. ఆ తరువాత దాదాపు నూట నలభై ఏళ్లకు, 1812లో ఫర్దూన్‌జీ మర్జబాన్ బొంబాయిలో గుజరాతీ ముద్రణాలయాన్ని నెలకొల్పారు. ఆయనే 1822లో 'ముంబయి సమాచార్' పత్రికను ప్రారంభించారు. నర్మద్ బాలుడిగా ఉన్న రోజుల్లో సూరత్‌లో దుర్గారామ్ మెహతాజీ అనే ఉపాధ్యాయుడు రాతి అచ్చు యంత్రాన్ని తెప్పించి, పుస్తక ప్రచారానికి, సంఘ సంస్కరణకు నడుం బిగించారు. చేతిరాత నకళ్ల యుగం ముగిసి అచ్చు యుగం మొదలవుతున్న ఆ సంధి కాలంలో ఒక లేఖకుడి కుమారుడు రచయిత అయ్యాడు.

సభలో ప్రసంగం, బడిలో ఉద్యోగం

1845లో నర్మద్ బొంబాయిలోని ఎల్ఫిన్‌స్టన్ విద్యాలయంలో చేరారు. అక్కడి విద్యార్థులు ఆనాడు సభలు పెట్టుకుని, వ్యాసాలు చదివి, సమాజాన్ని ఎలా మార్చాలో చర్చించేవారు. నర్మద్ కూడా మిత్రులతో కలిసి యువకుల సంఘం ఒకటి ఏర్పాటు చేసుకున్నారు. మండలిగా కూడటం వల్ల కలిగే లాభాలను గురించి అక్కడ ఆయన చేసిన ప్రసంగం తరువాత వ్యాసంగా అచ్చయింది. గుజరాతీ వ్యాస సాహిత్యానికి దానినే నాందిగా చెబుతారు. అప్పటికి ఆయన వయసు పద్దెనిమిది దాటలేదు.

1850లో తల్లి కన్నుమూశారు. ఆర్థిక ఇబ్బందులతో చదువు ఆగింది. 1852లో సూరత్‌కు ఎదుటి ఒడ్డున ఉన్న రాందేర్ పాఠశాలలో, మరుసటి ఏడాది సూరత్‌లోని నాన్‌పురా పాఠశాలలో నర్మద్ ఉపాధ్యాయుడిగా పనిచేశారు. 1853లో మొదటి భార్య గులాబ్ మరణించారు. 1854లో తిరిగి బొంబాయి చేరి మళ్లీ కళాశాలలో చేరినా పట్టా పుచ్చుకోకుండానే బయటికి వచ్చారు. 1856లో డాహీగౌరితో వివాహం జరిగింది.

కవిత్వం మీద మనసు నిలిచింది ఈ సంవత్సరాల్లోనే. కవిత్వం రాయాలంటే ఛందస్సు తెలియాలి. గుజరాతీలో నేర్చుకోవడానికి అచ్చు పుస్తకం లేదు. ఉన్న రాతప్రతులు ఇళ్లలో మూటలు కట్టి ఉండేవి. సూరత్‌లో ఒక తాపీ మేస్త్రీ ఇంట ఛందోగ్రంథం ఒకటి ఉందని తెలుసుకుని నర్మద్ వెతుక్కుంటూ వెళ్లారు. పుస్తకాన్ని గడప దాటనివ్వడానికి ఆ ఇంటివారు ఒప్పుకోలేదు. ఆయన అక్కడే కూర్చుని నకలు రాసుకున్నారు. ఆ శ్రమ ఫలితంగా 1857లో 'పింగళ ప్రవేశ్' అనే ఛందశ్శాస్త్ర గ్రంథం వెలువడింది. తనలా మరొకరు రాతప్రతుల కోసం ఇల్లిల్లూ తిరగనక్కర లేకుండా చేయడమే ఆ పుస్తకం చేసిన మేలు. ఆయన తరువాతి రచనల్లోనూ ఈ తీరు కనిపిస్తుంది. తనకు అవసరమైనది భాషలో లేకపోతే తానే తయారు చేసి, అందరికీ అందేలా అచ్చు వేయించడం ఆయన పద్ధతి.

1858 నవంబరు 23

1858లో నర్మద్ బొంబాయి సెంట్రల్ స్కూలులో ఉపాధ్యాయుడు. పగలంతా పిల్లల గోలతో గడిచిపోయేది. రాసుకోవడానికి మిగిలే సమయం చాలేది కాదు. ఆ ఏడాది నవంబరు 23న ఆయన ఉద్యోగానికి రాజీనామా ఇచ్చి ఇంటికి వచ్చారు. కలం వంక చూస్తూ కన్నీటితో, ఇకపై దాని ఒడిలోనే ఉంటానని మొక్కుకున్నారు. ఈ సంగతిని ఆయనే తన ఆత్మకథలో రాసుకున్నారు. గుజరాతీ పాఠకులకు ఇది కంఠస్థమైన ఘట్టం.

ఆ నిర్ణయం ఎంతటి సాహసమో తెలియాలంటే ఆనాటి ప్రచురణ రంగాన్ని చూడాలి. రచయితకూ ప్రచురణకర్తకూ మధ్య నిలిచి బేరసారాలు జరిపే సాహిత్య ఏజెంటు అనే వృత్తి ఇంగ్లండులో కూడా ఆ శతాబ్ది చివరిపాదంలోనే రూపుదిద్దుకుంది. భారతీయ భాషల్లో ప్రచురణకర్త అనే మనిషే అరుదు. ముద్రాపకుడు ఉండేవాడు. కాగితం, కూర్పు, అచ్చుకూలి చెల్లించినవారికి పుస్తకం వేసి ఇచ్చేవాడు. ఆ డబ్బు ఎక్కడి నుంచి తేవాలన్నది రచయిత చూసుకోవలసిన సంగతి.

డబ్బు వచ్చే దారులు మూడే. ఒకటి సంస్థానాధీశులు, శ్రేష్ఠుల పోషణ. ప్రతిఫలంగా పుస్తకాన్ని వారికి అంకితమివ్వడం ఆచారం. రెండోది ప్రభుత్వ విద్యాశాఖ. పాఠశాలలకు పనికివస్తుందని అధికారులు భావిస్తే ప్రతులు కొనేవారు. మూడోది ముందస్తు చందా. పుస్తకం వెలువడకముందే పాఠకులు డబ్బు కట్టి పేరు నమోదు చేయించుకునేవారు.

నర్మద్‌తో సాటివచ్చిన అహ్మదాబాద్ కవి దల్‌పత్‌రామ్‌కు మొదటి రెండు దారులూ తెరుచుకున్నాయి. ఆంగ్లేయ అధికారి అలెగ్జాండర్ కిన్లాక్ ఫోర్బ్స్ ఆయనకు పోషకుడు, స్నేహితుడు. ఫోర్బ్స్ 1848లో స్థాపించిన గుజరాత్ వర్నాక్యులర్ సొసైటీ దల్‌పత్‌రామ్‌కు ఉద్యోగమిచ్చింది. సంస్థ పత్రిక 'బుద్ధిప్రకాశ్' సంపాదకత్వం కూడా ఆయనకే దక్కింది. దల్‌పత్‌రామ్ కవిత్వం నింపాదిగా, హితం చెబుతూ సాగింది. నర్మద్ కవిత్వంలో ఉద్రేకం, స్వాతంత్ర్య కాంక్ష, ప్రేమ, ప్రకృతి వర్ణన ముందుకొచ్చాయి. ఇద్దరిలో ఎవరు గొప్ప అన్న వాదం ఆ తరం పాఠకులను రెండు పక్షాలుగా చీల్చింది. బతుకుతెరువు విషయంలో మాత్రం తేడా సుస్పష్టం. దల్‌పత్‌రామ్ వెనుక ఒక సంస్థ నిలబడింది. నర్మద్‌కు తన పాఠకులే ఆధారం.

రచయితే ప్రచురణకర్త

ఉద్యోగం మానిన తరువాతి ఏడెనిమిదేళ్లు నర్మద్ జీవితంలో అత్యంత ఫలవంతమైన కాలం. కవితలు చిన్నచిన్న సంపుటాలుగా వెలువడి తరువాత 'నర్మకవిత'గా ఒక్కచోట చేరాయి. వ్యాసాలు 1865లో 'నర్మగద్య'గా వచ్చాయి. భక్తకవి దయారామ్ కవితలను సేకరించి సంకలనంగా తెచ్చారు. సూరత్ నగర చరిత్రను క్లుప్తంగా రాశారు. అప్పటిదాకా ఆడవారి నోళ్లలోనే ఉన్న నాగర స్త్రీల పాటలను సేకరించి 1870లో పుస్తకంగా ప్రకటించారు.

వీటికి బొంబాయిలో ఒక అండ దొరికింది. యూనియన్ ప్రెస్ యజమాని నానాభాయ్ రుస్తుమ్‌జీ రాణీనా పారశీకుడు, నర్మద్‌కు మిత్రుడు, సంస్కరణాభిలాషి. నర్మద్ పుస్తకాలు పలు ఆ ప్రెస్సులోనే అచ్చయ్యాయి. ఆనాడు అచ్చు వేయడం కూడా సాహసంతో కూడిన పనే. కర్సన్‌దాస్ మూల్‌జీ సంపాదకత్వంలోని 'సత్యప్రకాశ్' పత్రిక 1860 అక్టోబరులో వైష్ణవ మహారాజుల అనాచారాలను ఎండగట్టింది. ఆ వ్యాసంపై జదునాథ్‌జీ మహారాజ్ 50 వేల రూపాయల పరువునష్టం కోరుతూ బొంబాయి సుప్రీంకోర్టులో దావా వేశారు. ప్రతివాదులుగా రాసిన సంపాదకుడితో పాటు అచ్చు వేసిన రాణీనా పేరును కూడా చేర్చారు. నర్మద్ ఈ కేసులో సాక్ష్యం చెప్పారు. 1862 ఏప్రిల్‌లో న్యాయస్థానం తీర్పు కర్సన్‌దాస్ వైపు వచ్చింది.

అదే జదునాథ్‌జీ మహారాజ్‌తో నర్మద్ అంతకుముందే, 1860 ఆగస్టులో, వితంతు పునర్వివాహంపై బహిరంగ వాదానికి దిగారు. శాస్త్రం మానవ నిర్మితమా, దైవదత్తమా అన్న ప్రశ్న దాకా ఆ వాదం వెళ్లింది. ధనిక వైష్ణవ వర్తకులు పుస్తకాలకు సహజ పోషకులుగా ఉన్న నగరంలో వారి గురువులనే ఎదిరించడమంటే అంకితాల దారిని చేజేతులా మూసుకోవడమే. నర్మద్ ఆ సంగతి తెలిసే ఆ పని చేశారు.

మాటలతో సరిపెట్టుకోలేదు కూడా. ఆశ్రయం కోరి వచ్చిన వితంతువులకు తన ఇంట చోటిచ్చారు. 1869లో వితంతువైన నర్మదాగౌరిని వివాహమాడారు. డాహీగౌరి అప్పటికే ఇంట ఉండగా జరిగిన ఈ పెళ్లి ఆయన మీద విమర్శలు తెచ్చింది. ఆ ఇంటి స్త్రీలు పడిన వేదన గురించి తరువాతి తరాల గుజరాతీ విమర్శకులు, నాటక రచయితలు నిశితంగా ప్రశ్నించారు. ఆదర్శానికీ సంసారానికీ మధ్య ఉన్న ఈ చిక్కుముడిని దాచిపెట్టకుండానే గుజరాత్ నర్మద్‌ను స్మరించుకుంటోంది.

రాత్రి గస్తీవాడి పేరుతో పత్రిక

1864 సెప్టెంబరు 1న నర్మద్ మిత్రులతో కలిసి 'దాండియో' అనే పక్షపత్రికను ప్రారంభించారు. రాత్రివేళ కర్రతో చప్పుడు చేస్తూ జనాన్ని అప్రమత్తం చేసే గస్తీవాడిని స్ఫురింపజేసే పేరు అది. ఇంగ్లండులోని 'స్పెక్టేటర్' పత్రిక ఆయనకు నమూనా. కుల పెద్దలు, మత గురువులు, మాటలతో సరిపెట్టే సంస్కర్తలు, ప్రభుత్వ అధికారులు అందరూ ఆ కర్ర దెబ్బలు తిన్నవారే. వాడిన భాష నిత్య వ్యవహారంలోనిది. దెబ్బ సూటిగా తగిలేది.

అదే సమయంలో బొంబాయిని షేర్ల వ్యామోహం ఊపేస్తోంది. అమెరికా అంతర్యుద్ధం వల్ల లాంకషైర్ మిల్లులకు అమెరికా పత్తి అందక, భారతీయ పత్తికి గిరాకీ అమాంతం పెరిగింది. వచ్చిన డబ్బంతా కొత్త కంపెనీల షేర్లలోకి ప్రవహించింది. 1865లో యుద్ధం ముగియగానే ధరలు కుప్పకూలాయి. రాత్రికి రాత్రి ఎందరో కోటీశ్వరులు దివాలా తీశారు. పుస్తకాలు కొనే, విద్యా సంస్థలకు విరాళాలిచ్చే వర్తక వర్గమే ఆ దెబ్బకు కుదేలైంది. ముద్రణ ఖర్చులతో అప్పటికే సతమతమవుతున్న నర్మద్‌కు ఇది కష్టకాలం. 'దాండియో' 1869 దాకా నడిచి ఆగిపోయింది.

పన్నెండేళ్ల నిఘంటువు

నర్మద్ చేపట్టిన పనుల్లో అన్నింటికన్నా బరువైనది 'నర్మకోశ్'. గుజరాతీ పదాలకు గుజరాతీలోనే అర్థాలు చెప్పే నిఘంటువు అప్పటికి లేదు. ఉన్నవి ఇంగ్లీషు నేర్చుకునేవారికో, గుజరాతీ నేర్చుకునే దొరలకో ఉద్దేశించిన ద్విభాషా కోశాలు. రచయితగా తనకు పదే పదే మాట దగ్గర సందేహం రావడంతో నర్మద్ పదాల సేకరణ మొదలుపెట్టారు.

సాధారణంగా నిఘంటు నిర్మాణానికి పండితుల బృందం, లేఖకులు, స్థిరమైన నిధి ఉండాలి. నర్మద్ ఒక్కరే పదాలను ఏరి, వర్ణక్రమంలో పేర్చి, అర్థాలు రాశారు. గుజరాతీకి అప్పటికి నిశ్చితమైన వర్ణక్రమ నిర్దేశం లేదు. సూరత్‌వారు ఒకలా, అహ్మదాబాద్‌వారు మరొకలా, కాఠియావాడ్‌వారు ఇంకోలా రాసేవారు. పారశీక మాట ఏది, సంస్కృత తత్సమం ఏది, దేశ్యం ఏది అని తేల్చుకుంటూ ముందుకు సాగాలి. నిఘంటువులో ఒక పదానికి ఒక రూపాన్ని ఎంచుకోవడమంటే భాషకు ఒక ప్రమాణాన్ని ప్రతిపాదించడమే.

1861లో తొలి భాగం వెలువడింది. డబ్బు సమకూరినప్పుడు అచ్చవడం, లేనప్పుడు ఆగడం ఆ గ్రంథానికి అలవాటుగా మారింది. చివరికి 1873లో 25 వేలకు పైగా పదాలతో సంపూర్ణ నిఘంటువు వెలువడింది. దానికి ముందుమాటలా రాసిన గేయమే 'జయ జయ గరవీ గుజరాత్'. గుజరాత్ రాష్ట్రం ఏర్పడటానికి 87 ఏళ్ల ముందే, సంస్థానాలుగా, బ్రిటిష్ జిల్లాలుగా విడిపోయి ఉన్న ప్రాంతాన్ని భాష ఆధారంగా ఒక్క గుజరాత్‌గా ఊహించిన గేయం అది. నేడు రాష్ట్ర ప్రభుత్వ వేడుకల్లో వినిపిస్తోంది. రాష్ట్రగీతంగా ప్రజలు పాడుకునే ఆ పాట ఒక నిఘంటువు తొలి పుటల్లో పుట్టిందన్న సంగతి చాలామందికి తెలియదు.

ఆ తరువాత గోండల్ సంస్థానాధీశుడు భగవత్‌సింహ్‌జీ ఆధ్వర్యంలో 'భగవద్గోమండల్' మహానిఘంటువు 1944 నుంచి 1955 వరకు తొమ్మిది సంపుటాలుగా వెలువడింది. అందులో రెండు లక్షల 80 వేలకు పైగా పదాలున్నాయి. ఒక సంస్థానం ఖజానా దానికి అండ. ఆ రెండు గ్రంథాలనూ పక్కపక్కన పెట్టి చూస్తే ఒంటరి రచయిత చేసిన పని విలువ తెలుస్తుంది.

అచ్చయినా అమ్మకానికి పెట్టని ఆత్మకథ

1866లో, ముప్పై మూడేళ్ల వయసులో, నర్మద్ 'మారీ హకీకత్' పేరుతో ఆత్మకథ రాశారు. గుజరాతీలో ఇదే తొలి ఆత్మకథ. తనను తాను పొగుడుకోవడం పెద్దల మర్యాద కాదని భావించే సమాజంలో ఒక యువకుడు తన బలహీనతలు, ప్రేమలు, భయాలు, కోపతాపాలు, జమాఖర్చులు సహా రాసుకోవడం విడ్డూరమే. ఆయన దాన్ని కొద్ది ప్రతులు మాత్రమే అచ్చు వేయించి, దగ్గరివారి వద్ద ఉంచారు. తన మరణానంతరమే లోకం చదవాలన్నది ఆయన అభిమతం. అందరి చేతికీ అందే పుస్తకంగా అది 1933లో, ఆయన శతజయంతి సంవత్సరంలో వెలువడింది. రాసిన 67 ఏళ్లకు గానీ పాఠకులను చేరలేదు.

సూరత్‌లో ఆమ్లీరాన్ వీధిలో నర్మద్ ఇల్లు కట్టుకున్నది కూడా ఆ రోజుల్లోనే. దానికి 'సరస్వతీ మందిర్' అని పేరు పెట్టుకున్నారు.

ప్రతిజ్ఞ ముగిసిన ఏడాది

1870ల్లో నర్మద్ రచనలు మరో మలుపు తిరిగాయి. 'రాజ్యరంగ్' పేరుతో ప్రపంచ చరిత్రను రెండు భాగాలుగా 1874, 1876ల్లో ప్రచురించారు. అప్పుడప్పుడే విస్తరిస్తున్న వృత్తి నాటక సమాజాలు రచయితకు కొంత ఆదాయ మార్గమయ్యాయి. రామాయణ, భారత, భాగవత కథలతో నాటకాలు రాశారు. వాటితోనూ అప్పులు తీరలేదు.

ఈ దశకంలోనే ఆయన ఆలోచనలు కూడా మారాయి. పాశ్చాత్య చరిత్రను, స్వదేశ శాస్త్రాలను చదివిన కొద్దీ, యౌవనంలో తాను చేసిన సంస్కరణవాదం తొందరపాటుతో కూడినదన్న అభిప్రాయానికి వచ్చారు. 1885లో వచ్చిన 'ధర్మవిచార్' ఈ మార్పుకు సాక్ష్యం. పాత మిత్రులు నివ్వెరపోయారు. పాత శత్రువులు ఆయనను తమవాడిగా చెప్పుకోవడం మొదలుపెట్టారు. ఏ అభిప్రాయం ఏర్పడితే దాన్ని దాచుకోకుండా అచ్చులో ప్రకటించే అలవాటును మాత్రం ఆయన ఎన్నడూ విడువలేదు.

1882లో నర్మద్ బొంబాయిలోని గోకుల్‌దాస్ తేజ్‌పాల్ ధర్మనిధిలో ఉద్యోగానికి ఒప్పుకున్నారు. కొలువు చేయనన్న 1858 నాటి ప్రతిజ్ఞ అక్కడితో ముగిసింది. ఆయనకు అప్పుడు నలభై తొమ్మిదేళ్లు. ఆ నిర్ణయం ఆయనను లోలోపల కుంగదీసింది. దీర్ఘకాలం అనారోగ్యంతో బాధపడి 1886 ఫిబ్రవరిలో బొంబాయిలో కన్నుమూశారు. కుమారుడు జయశంకర్ అప్పటికి పదహారేళ్లవాడు. సూరత్‌కే చెందిన సమకాలిక విమర్శకుడు నవల్‌రామ్ పాండ్యా నర్మద్ జీవితాన్ని గ్రంథస్థం చేశారు.

ఆయన పద్యాలు ఎంత దూరం వెళ్లాయో తెలియజేసే ఉదంతం ఒకటి మహాత్మాగాంధీ ఆత్మకథలో ఉంది. రాజ్‌కోట్‌లో తాను చదువుకునే రోజుల్లో, మాంసాహారం వల్లనే ఆంగ్లేయులు బలవంతులయ్యారన్న భావంతో నర్మద్ రాసిన పద్యం బడిపిల్లల నోళ్లలో నానుతుండేదని గాంధీ గుర్తుచేసుకున్నారు. సొమ్ము చేతికి రాకపోయినా, మాట మాత్రం కాఠియావాడ్‌లోని బడుల దాకా చేరింది.

తెలుగు నేలపై పోలిక

నర్మద్ జీవితం చదివే తెలుగువారికి కందుకూరి వీరేశలింగం గుర్తుకు రాక మానరు. నర్మద్ కంటే పదిహేనేళ్లు చిన్నవారైన వీరేశలింగం కూడా మొదట ఉపాధ్యాయులే. 1874లో 'వివేకవర్ధని' పత్రికను ప్రారంభించారు. రాజమహేంద్రవరంలో సొంత ముద్రాక్షరశాల నెలకొల్పుకున్నారు. 1881 డిసెంబరులో తొలి వితంతు వివాహం జరిపించారు. తన జీవితాన్ని 'స్వీయ చరిత్రము'గా రాశారు. ఇద్దరూ పత్రికను ఆయుధంగా, గద్యాన్ని సాధనంగా మలచుకున్నవారే. తేడా ఒక్కటి ఉంది. వీరేశలింగానికి జీతం ఉండేది, అచ్చు యంత్రం సొంతం. నర్మద్‌కు ఆ రెండూ లేవు.

నిఘంటువుల చరిత్ర కూడా ఇలాగే సాగింది. బహుజనపల్లి సీతారామాచార్యులు 'శబ్దరత్నాకరము'ను 1885లో వెలువరించారు. అది కూడా ఒక వ్యక్తి దీర్ఘకాల పరిశ్రమ ఫలమే. ఆ తరువాత వచ్చిన సూర్యరాయాంధ్ర నిఘంటువుకు పిఠాపురం సంస్థానాధీశుల పోషణ లభించింది.

కాలం మారినా, కొత్త రచయిత ముందున్న ప్రశ్న పెద్దగా మారలేదు. ఇంగ్లీషులో రాసేవారికి సాహిత్య ఏజెంట్లు ఉన్నారు. రాతప్రతిని చదివి, తగిన ప్రచురణ సంస్థను వెతికి, ఒప్పందం కుదిర్చి, రాబడిలో వాటా తీసుకుంటారు. తెలుగు, గుజరాతీ వంటి భాషల్లో ఆ ఏర్పాటు వేళ్లూనలేదు. చాలామంది తెలుగు కవులు, కథకులు నేటికీ కొన్ని వందల ప్రతులు సొంత ఖర్చుతో అచ్చు వేయించి, కొన్నింటిని మిత్రులకు పంచి, మిగిలినవి విక్రేతలకు కమిషన్ మీద ఇస్తుంటారు. ముందస్తు చందా పద్ధతి ఇప్పుడు అంతర్జాలంలో కొత్త రూపంలో తిరిగి వచ్చింది. అడిగినన్ని ప్రతులే అచ్చు వేసే సౌకర్యం ఖర్చును తగ్గించింది. పుస్తకాన్ని పాఠకుడి దాకా చేర్చే భారం మాత్రం ఎక్కువగా రచయిత భుజాల మీదే ఉంది.

సూరత్‌లో నర్మద్ స్మృతి

నేటి సూరత్ వజ్రాలకు, వస్త్రాలకు ప్రసిద్ధి. మరమగ్గాల మీద బతుకు వెతుక్కుంటూ వచ్చిన తెలుగు కుటుంబాలు వేల సంఖ్యలో ఇక్కడ స్థిరపడ్డాయి. ఆ కుటుంబాల పిల్లలు ఉన్నత విద్యకు అడుగుపెట్టే దక్షిణ గుజరాత్ విశ్వవిద్యాలయం 2004లో వీర్ నర్మద్ పేరు పెట్టుకుంది. నగరపాలక సంస్థ నడిపే కేంద్ర గ్రంథాలయానికీ ఆయన పేరే ఉంది. సూరత్‌లోని నర్మద్ సాహిత్య సభ ఇచ్చే నర్మద్ సువర్ణ చంద్రక్ గుజరాతీ రచయితలు గౌరవంగా భావించే పురస్కారం. ఆమ్లీరాన్‌లోని 'సరస్వతీ మందిర్' స్మారక భవనంగా నిలిచి ఉంది.

అప్పులకు వెరవక ఆయన అచ్చు వేయించిన 'నర్మకోశ్' తరువాతి కాలంలో పునర్ముద్రణ పొందింది. రహస్యంగా ఉంచిన 'మారీ హకీకత్' గుజరాతీ సాహిత్య విద్యార్థులకు పాఠ్యగ్రంథమైంది.